కంపెనీ గాలి

నాకు దయ్యాల సినిమాలంటే ఇష్టం. ఈ మాట అంటే మా ప్యాకింగ్ సెక్షన్‌లో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. మొగుడు పోయిన మనిషి ఒక్కతే వెళ్ళి దయ్యాల సినిమా చూసి రావడమేమిటని వాళ్ళ ఆశ్చర్యం. భక్తి సినిమాకు పోతే పుణ్యమన్నా దక్కుతుంది కదా అనేవాళ్ళు. పుణ్యం సంగతి నాకు తెలియదు గానీ, భక్తి సినిమాలో గట్టిగా అరిస్తే పూనకం వచ్చిందనుకుని కొబ్బరికాయ తెస్తారు. దయ్యాల సినిమాలో ఎంత అరిచినా ఎవరూ పట్టించుకోరు. ఇస్నాపూర్‌లో నేను కిరాయికుండే గదికి గోడలు పలచన. ఒక పక్క బీహారు నుంచి వచ్చిన కూలీలు ఆరుగురు, ఇంకో పక్క ఇంటావిడ. అక్కడ రెండుసార్లు దగ్గితే ఏమైందని తలుపు కొడతారు. మనిషి నోరారా అరవాలంటే పటాన్‌చెరు దాకా బస్సెక్కి పోవలసిందే.

నా వారం సెలవు బుధవారం. ఆదివారం సెలవున్న వాళ్ళకు ఊరంతా తోడుంటుంది. బుధవారం సెలవంటే ఊరంతా డ్యూటీకి పోయాక మనం ఒక్కళ్ళమే మిగిలిపోవడం. బట్టలు ఉతికి, ఒక్కదానికి సరిపడా అన్నం వండి, తిని గిన్నె కడిగేసరికి పదకొండు కూడా కాదు. మిగిలిన పొద్దును ఏం చేయాలో నాకు ఎన్నేళ్ళకూ తెలిసిరాలేదు. అందుకని మ్యాట్నీకి పోయేదాన్ని. టికెట్ కౌంటర్‌లో కూర్చునే ఆయన ప్రతిసారీ "ఒక్కటేనా?" అని అడిగేవాడు. ఒక్కటే అనేదాన్ని. అయినా సరే, నా భుజం మీదుగా వెనక ఎవరో ఉండాలన్నట్టు తొంగి చూసి గానీ టికెట్ చింపేవాడు కాదు. దయ్యాల సినిమాకు తగిన మనిషే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ సినిమా వచ్చింది. ఎక్కడో వానలు కురిసే చలిదేశం కథ. అందరూ తెలుగే మాట్లాడతారు, పెదవులు మాత్రం వాళ్ళ భాషలో కదులుతుంటాయి. దయ్యాలను వదిలించే ఒకాయన అందులో హీరో. పోస్టర్ మీద పొడుగు కోటు, ఎర్రటి కళ్ళు చూసి ఎంతో మహిమ గలవాడనుకున్నాను. తీరా చూస్తే ఆయనంత దద్దమ్మ ఇంకొకడు లేడు. మూతపడిన ఒక లాండ్రీ దుకాణం పైన ఒక్కడే ఉంటాడు. భార్య వదిలేసి పోయింది. తాగుతాడు. తీర్థం సీసా, మందు సీసా కోటులో ఒకే జేబులో పెట్టుకుంటాడు. ఇక చూసుకోండి, ఒకసారి దయ్యం మీద ఏది చల్లి ఉంటాడో. మంత్రాలు నోటికి రావు, చీటీ చూసి చదువుతాడు. చీటీ వానలో తడిసి అక్షరాలు కలిసిపోతే మధ్యలో ఆగిపోతాడు. దయ్యం కూడా ఆగి ఆయన మొహం వంక చూస్తుంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఏమిటంటే, ఆయనకు లిఫ్టంటే భయం. నరకం నుంచి వచ్చినదానికి ఎదురు నిలబడతాడు గానీ లిఫ్టు తలుపు తెరుచుకుంటే చెమటలు పడతాయి. పద్నాలుగు అంతస్తులు మెట్లెక్కి, మోకాళ్ళు పట్టుకుని వగరుస్తూ, ఒక్క నిమిషం ఆగమని దయ్యాన్నే బతిమాలుకుంటాడు. ఒకచోట అంతస్తు లెక్క తప్పి వేరే ఇంట్లో దూరతాడు. అక్కడ భోంచేస్తున్న ముసలాయన నెత్తి మీద నీళ్ళు చల్లి, వెళ్ళిపో, వెళ్ళిపో అని గదమాయిస్తాడు. పాపం ముసలాయన ప్లేటు చేత్తో పట్టుకుని నిజంగానే వెళ్ళిపోతాడు. నలభై కుర్చీలకొక మనిషి చొప్పున ఉన్న ఆ హాల్లో నా నవ్వు నాకే గట్టిగా వినిపించింది. అంతగా నవ్వి ఎన్నేళ్ళయిందో లెక్క కూడా లేదు.

నవ్వుతూ నవ్వుతూ ఉండగానే మా చిన్నాయన గుర్తొచ్చాడు.

చిన్నాయన మా నాన్న తమ్ముడు. హత్నూర దగ్గర మా ఊళ్ళో గాలి వదిలించే మనిషి. మా వైపు దయ్యం అనే మాట నోటితో అనరు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందని భయం. అందుకే గాలి అంటారు. చెరువు కట్ట మీద గాలి సోకింది, పొలం కాడ గాలి తాకింది అంటే వినేవాళ్ళకు అర్థమైపోతుంది. చిన్నాయన ఆ గాలిని వేపమండతో, నిమ్మకాయతో, మంచి మాటతో పంపించేవాడు. ఆయన కూడా సినిమాలో ఆయన లాంటివాడే. కల్లు తాగనిదే కూర్చునేవాడు కాదు. కుక్కలంటే హడల్, వాకిట్లో కుక్క మొరిగితే మంత్రం మరిచిపోయేవాడు. ఒకసారి కూతురికి గాలి సోకిందని ఒకామె తీసుకొస్తే, కూతురిని వదిలేసి తల్లి కొప్పుకు నిమ్మకాయ కట్టాడు. ఊరంతా నెల రోజులు చెప్పుకుని నవ్వారు.

కానీ ఒక్క పద్ధతి మాత్రం ఆయన ఎన్నడూ తప్పలేదు. గాలి పట్టిన మనిషిని తెచ్చి ముందర కూర్చోబెడితే, మొదట బువ్వ తిన్నవా అని అడిగేవాడు. నువ్వెవరు, ఎక్కడి నుంచి వచ్చావు, ఏం కావాలి అనేవన్నీ ఆ తర్వాతనే. గాలి అంటే ఏందనుకున్నరు, దిక్కులేక తిరిగేది, దాన్ని ఎవరూ బువ్వ అడగరు కాబట్టే మనుషుల మీద పడతది అని చెప్పేవాడు. చిన్నప్పుడు ఆ మాట విని నాకు గాలి మీద భయం పోయి జాలి కలిగేది.

ఆ సినిమా చూసేనాటికి చిన్నాయనతో నేను మాట్లాడి పన్నెండేళ్ళయింది.

ఇంటర్వెల్‌కు ముందు ఒక సీను వస్తుంది. ఒక తల్లి ఆయన్ని పిలిపిస్తుంది. కూతురు మూడు రోజులుగా పిచ్చిపిచ్చిగా మాట్లాడుతోంది, గోడ వంక చూసి నవ్వుతోంది, తిన్నది కక్కుతోంది. ఆయన మెట్లెక్కి వచ్చి, చీటీ తీసి, నీళ్ళు చల్లబోయి ఆగుతాడు. పిల్ల మొహం దగ్గరకు వంగి చూస్తాడు. గది మూలలో చలికి పెట్టుకున్న గ్యాస్ పొయ్యి, దాని పగిలిన గొట్టం కనబడతాయి. లేచి కిటికీ బార్లా తెరుస్తాడు. అప్పుడంటాడు, "ఇది దయ్యం కాదమ్మా. విషవాయువు. పాపను ఇప్పుడే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి." తల్లి నమ్మదు. చేతగాక నెపం పెడుతున్నావని తిడుతుంది. ఆయన పిల్లను భుజాన వేసుకుని బయటికొస్తాడు. మెట్లు దిగితే ఆలస్యం. లిఫ్టు ముందు నిలబడతాడు, కళ్ళు గట్టిగా మూసుకుని లోపలికి అడుగు వేస్తాడు. తలుపు మూసుకుంటుంది. ఇంటర్వెల్.

లైట్లు వెలిగాక చూసుకుంటే చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉన్నాను. అరవడానికే వెళ్ళిన చోట అరవలేకపోయాను. ఇంటర్వెల్ తర్వాత అసలు దయ్యం వచ్చింది, మంటలు వచ్చాయి, మేడలు కూలాయి. అదంతా నాకు పట్టలేదు. పిల్ల బతికిందన్న ఒక్క ముక్కే నాకు కావలసింది. బతికింది.

నా పెళ్ళయిన కొత్తలో మా ఆయనకు పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో హెల్పర్ పని దొరికింది. నేను చెప్పబోయేది జరిగేనాటికి ఊరు విడిచి ఇస్నాపూర్ వచ్చి నాలుగు నెలలే. ఆయన ధైర్యం లేని మనిషి, కబుర్ల మనిషి. మేమిద్దరం కలిసి చూసింది ఒక్కటే సినిమా, అదీ దయ్యాలదే. భయపడి చెయ్యి పట్టుకున్నది ఆయన, నేను కాదు. బాయిలర్ దగ్గర ఎవరో చచ్చిపోయాడని, వాడే తిరుగుతుంటాడని డ్యూటీ నుంచి వచ్చి నాకు కథలు చెప్పేవాడు. చెప్పి తనే తలుపు గడియ రెండుసార్లు చూసుకునేవాడు.

ఒకరోజు మొదటి షిఫ్టుకు పోయినవాణ్ణి పదిన్నరకే కంపెనీ వాచ్‌మన్ ఆటోలో తెచ్చి గడప మీద కూర్చోబెట్టాడు. "వదినా, అన్నకు గాలి తాకింది. జెర సూస్కో" అని చెప్పి, ఎవరో తరుముతున్నట్టు అదే ఆటోలో వెళ్ళిపోయాడు. మా ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నన్ను చూసి నవ్వాడు. తలుపు వైపు చూపించి అక్కడెవరో నిలబడ్డారన్నాడు. చనిపోయిన తల్లిని పిలిచాడు. మా ఊళ్ళో నేను చూసిన గాలి అచ్చంగా అలాగే ఉండేది.

పాశమైలారం చుట్టుపక్కల గాలి అంటే ఏమిటో నాకు తరవాత తెలిసింది. ఇయ్యాల కంపెనోళ్ళు గాలి ఇడిసిండ్రు అని అక్కడ పొద్దున్నే అనుకుంటారు. కళ్ళు మండితే గాలి, పశువు పాలివ్వకపోతే గాలి, మనిషి పడిపోతే గాలి. మా చిన్నాయన విడిపించేదీ గాలే, కంపెనీ విడిచిపెట్టేదీ గాలే. అక్కడివాళ్ళకు రెండూ తెలుసు. నాలుగు నెలల కిందట వచ్చినదానికి నాకు ఒక్కటే తెలుసు. వాచ్‌మన్ చెప్పింది ఒకటి, నేను విన్నది ఒకటి.

మా ఆయన్ని లేవదీసుకుని హత్నూర పోవడానికి బస్సెక్కాను. ఇస్నాపూర్ నుంచి సంగారెడ్డికి ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. సంగారెడ్డిలో బస్టాండు ఇంకా రాకముందే బస్సు ఆగింది. "దవాఖాన, దవాఖాన. దిగేటోళ్ళు దిగున్రి" అని కండక్టర్ కేక వేశాడు. ఇద్దరు ముగ్గురు దిగారు. కిటికీలోంచి పెద్ద దవాఖాన గేటు కనబడుతూనే ఉంది. పక్కన మా ఆయన తల వాల్చేస్తున్నాడు. పడిపోతాడేమోనని భుజం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. బస్సు కదిలింది.

చిన్నాయన ఇంటి ముందర ఆరోజు పదిహేను మంది దాకా ఉన్నారు. నన్ను చూసి అందర్నీ జరిపి మా ఆయన్ని ముందర కూర్చోబెట్టుకున్నాడు. బువ్వ తిన్నావా అల్లుడా అని అడిగాడు. మా ఆయన నవ్వాడు, నవ్వి కక్కుకున్నాడు. చిన్నాయన ఆయన నోటి దగ్గరకు వంగాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. వేపమండ కింద పెట్టి చేతులు కడుక్కున్నాడు. "నాతోని గాదు బిడ్డా. పెద్దకాడికి తీస్కపో, జల్దీ" అన్నాడు.

పెద్దకాడికి అంటే ఇంకా పెద్ద మంత్రగాడి దగ్గరికని అనుకున్నాను. నర్సాపూర్ అవతల అడవి అంచున ఒకాయన ఉన్నాడని అందరూ చెప్పేవాళ్ళు. అక్కడికి తీసుకుపోయాను. తెల్లారేసరికి మా ఆయనకు మాట పడిపోయింది. ఎవరిదో ట్రాక్టర్‌లో సంగారెడ్డి తెచ్చాము. ఏ గేటు ముందు ముందురోజు బస్సు ఆగిందో ఆ గేటులోంచే లోపలికి వెళ్ళాము. ఆయన ప్రాణం ఇంకెంతోసేపు నిలవలేదు. డాక్టర్ గ్యాస్ పీల్చాడమ్మా అన్నాడు, నిన్న వస్తే వేరుగా ఉండేదన్నాడు. గ్యాస్ అంటే ఏందని అడిగాను. పక్కనున్న కాంపౌండర్ నాకు అర్థమయ్యేలా చెప్పాలని, గాలమ్మా, కంపెనీ గాలి అన్నాడు.

ఆరోజు నుంచి చిన్నాయన నాకు చచ్చిపోయాడు. నోరు వాసన చూశాడు కదా, తెలిసింది కదా, దయ్యం కాదు దవాఖానకు పో అని ఒక్క మాట చెప్తే ఆయన సొమ్మేం పోయిందని ఊరంతా వినేట్టు తిట్టి వచ్చాను. పండక్కి పోలేదు, పెళ్ళికి పోలేదు. నాన్న పోయినప్పుడు పోయాను గానీ ఆయన నిలబడ్డ వైపు చూడలేదు.

ఇదంతా కడుపులో ఉన్న మనిషికి ఆ సినిమా ఎందుకు నచ్చిందో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు. మరుసటి బుధవారం మళ్ళీ వెళ్ళాను. నవ్వే చోట నవ్వాను, లిఫ్టు తలుపు మూసుకునేదాకా చూసి ఇంటర్వెల్‌లో లేచి వచ్చేశాను. ఆ తాగుబోతు, ఆ దద్దమ్మ, చీటీ చూసి మంత్రం చదివేవాడు, ఆసుపత్రి అనే మాటను ఎంత తేలిగ్గా అన్నాడు. ఆ మాట వినడానికే వెళ్ళాను. మూడో వారం పటాన్‌చెరులో సినిమా ఎత్తేసి సంగారెడ్డికి మార్చారు. నేనూ సంగారెడ్డి బస్సెక్కాను.

బస్టాండులో దిగి సినిమా హాలు వైపు నడుస్తుంటే, సిమెంటు బల్ల మీద నల్లద్దాలు పెట్టుకుని ఒక ముసలాయన కూర్చుని కనబడ్డాడు. కాళ్ళ దగ్గర బట్టసంచి. ఎవరో గుర్తుపట్టి చూపు తిప్పుకునేలోపే "బిడ్డా" అన్నాడు. ఆ గొంతు మారలేదు. కంట్లో పొర తీయించుకున్నాడట, డాక్టర్‌కు చూపించుకోవడానికి వచ్చాడట. కళ్ళల్ల నీళ్ళు రావద్దన్నరు, దుమ్ము పడొద్దన్నరు అంటూ నేను అడగకపోయినా చెప్పుకుపోయాడు. దవాఖానకు ఒక్కడే వచ్చాడు, హత్నూర బస్సుకు ఇంకా చాలా టైముంది.

నాలో కోపం భగ్గుమంది. తన కంటికైతే దవాఖాన తోవ ఎంత బాగా తెలిసింది ఈయనకు అనుకున్నాను. మన దగ్గర ఎవరి మీదన్నా కసి తీర్చుకోవాలంటే వాడికి సినిమా చూపిస్తా అంటారు. నేను నిజంగానే చూపించాలనుకున్నాను. సినిమాకొస్తావా అని అడిగాను. పన్నెండేళ్ళ తర్వాత నేను ఆయనతో అన్న మొదటి మాట అదే. ఆయన సంచి భుజాన వేసుకుని లేచాడు. ఏ సినిమా అని కూడా అడగలేదు.

ఆరోజు నేను రెండు టికెట్లు అన్నాను. లోపల ఆయన నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. సినిమా మొదలైన పది నిమిషాలకే మా చిన్నాయన ఆ తెరమీది ఆయన పనితనానికి వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. "గట్ల మీదికి ఉరికితే ఎవలు పోతరు? ముందుగాల బువ్వ అడగాలె" అని నాతో గుసగుసలాడాడు. తీర్థానికి బదులు మందు చల్లినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. తెరమీద ముసలాయన ప్లేటు పట్టుకుని వెళ్ళిపోతుంటే కిందా మీదా అయి నవ్వాడు. తల్లి కొప్పుకు నిమ్మకాయ కట్టిన సంగతి ఆయనకూ గుర్తొచ్చిందని నాకు తెలిసింది. నాకూ నవ్వొచ్చింది, బలవంతాన ఆపుకున్నాను. పక్క కుర్చీలో మనిషి ఉంటే సినిమా వేరుగా ఉంటుందని అప్పటికి మరిచిపోయి ఉన్నాను.

ఆ సీను వచ్చింది. నేను తెర వంక చూడలేదు, ఆయన వంకే చూస్తూ కూర్చున్నాను. తెరమీది ఆయన వంగి పిల్ల మొహంలోకి చూడగానే చిన్నాయన నవ్వు ఆగిపోయింది. కిటికీ తెరిచాడు. ఆసుపత్రి అన్నాడు. లిఫ్టు తలుపు మూసుకుంది. లైట్లు వెలిగాయి. చిన్నాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని తెల్లటి తెర వంక చూస్తున్నాడు. కొత్తగా చూపొచ్చిన కంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. రావద్దన్న నీళ్ళు. చూపించాలనుకున్నది చూపించాను, కానీ నాకు ఏ సంతోషమూ కలగలేదు.

బయట మెట్ల మీద కూర్చున్నాము. లోపలికి మళ్ళీ పోలేదు.

"గాయన లిఫ్టు ఎక్కిండు బిడ్డా" అన్నాడు చిన్నాయన. "నేను ఎక్కలే."

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. అల్లుడి నోటి దగ్గర పత్తికి కొట్టే మందు లాంటి వాసన వచ్చిందట. అంతకుముందు ఏ గాలికీ ఆ వాసన లేదట. దవాఖాన అందామనే నోరు తెరిచాడట. చుట్టూ పదిహేను మంది కూర్చుని ఉన్నారు. వేపమండ పట్టుకున్నవాడు దవాఖాన అంటే ఇక ఇజ్జత్ ఏముంటదని, ఆ మాట మింగి పెద్దకాడికి అన్నాడట. నేను వెళ్ళిపోయాక ఆ రాత్రి అన్నం తినలేదట. ఆ తరవాత ఎవరొచ్చినా ముందుగా దవాఖానకు పోయి రమ్మని, ఆడ తక్కువ గాకుంటే అప్పుడు నా కాడికి రమ్మని చెప్పడం మొదలుపెట్టాడట. గాలి తీసేవాడే దవాఖాన అంటుంటే ఇంక ఎవరొస్తారు. ఏడాది తిరిగేసరికి వాకిట్లో కుక్కలు తప్ప ఎవరూ లేరట. చెబుతూ నా వైపు తిరిగాడు.

"గని కంపెనీ గాలి అని చెప్పిన బిడ్డా. గది మాత్రం చెప్పిన."

ఇక్కడిదాకా నేను ఒక మాట దాచాను. మీ దగ్గరే కాదు, అందరి దగ్గరా దాచాను. ఆరోజు చిన్నాయన అన్నది నాతోని గాదు అని ఒక్కటే కాదు. "ఇది మన గాలి గాదు బిడ్డా. కంపెనీ గాలి" అని మొదట అన్నాడు. నేను విన్నాను. విని, బాయిలర్ దగ్గర తిరుగుతుంటాడని మా ఆయన చెప్పినవాడే అనుకున్నాను. నర్సాపూర్ అవతల ఆ పెద్ద మంత్రగాడు ఇది ఏ గాలి అని అడిగితే, ఆ మాటను పేరులా అప్పజెప్పింది నేనే. కంపెనీ గాలి అంట అన్నాను. ఆయన తలూపి, కంపెనీ గాలి మొండిది అన్నాడు. మా ఆయన చావు ఏమిటో చెప్పే మాటను నోట్లో పెట్టుకుని ఊరూరా మోసింది నేను, దాని అర్థం తెలియనిది నాకే. మర్నాడు కాంపౌండర్ అదే మాట అన్నప్పుడు నేను చేసింది నాకు అర్థమైంది. అర్థమైన ఆ నిమిషంలోనే చిన్నాయన్ని తిట్టడం మొదలుపెట్టాను.

"చెప్పినవ్ చిన్నాయినా" అన్నాను. "నాకు యాదికుంది. ఆ పెద్దాయనకు నేనే చెప్పిన, కంపెనీ గాలి అంట అని."

పైకి అన్నది అదే మొదటిసారి. అన్నాక గుండె తేలికవుతుందని కథల్లో రాస్తారు. నాకు కాలేదు. పన్నెండేళ్ళుగా నా గదిలో నాకు తోడున్నది ఆయన మీద కోపమే. బుధవారాలు గడిచింది దాని తోడుతోనే. అదీ లేచిపోతే ఇంక గదిలో నేనొక్కదాన్నే మిగులుతానని భయమేసింది. ఆ మాట కూడా అనబోయాను గానీ ఏడుపొచ్చింది.

చిన్నాయన నన్ను ఓదార్చలేదు. నీ తప్పు లేదని అనలేదు, తనదే తప్పని కూడా మళ్ళీ అనలేదు. లోపల సినిమాలో ఏదో కూలిన చప్పుడు, ఎవరో అరిచిన చప్పుడు వచ్చాయి. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగి, నా మొహంలోకి చూసి అడిగాడు.

"బువ్వ తిన్నవా బిడ్డా?"

ఆ ప్రశ్న ఆయన ఎవరిని అడుగుతాడో నాకు తెలుసు. దిక్కులేక తిరిగేదాన్ని అడుగుతాడు. ముందు ఒళ్ళు మండింది, ఆ తర్వాత నిజంగానే ఆకలేసింది. నన్ను ఆ మాట అడిగినవాళ్ళు ఎన్నేళ్ళుగానో లేరు.

"తినలే" అన్నాను.

సంచిలో జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు ఉన్నాయి. దవాఖానలో పొద్దుపోతుందేమోనని కట్టుకొచ్చుకున్నవి. బస్టాండులో అదే సిమెంటు బల్ల మీద కూర్చుని తిన్నాము. పెద్ద రొట్టె నాకు పెట్టాడు. హత్నూర బస్సు వస్తే ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చుని నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఊరికి రమ్మని పిలవలేదు, వస్తానని నేనూ అనలేదు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

తర్వాత పటాన్‌చెరు బస్సెక్కి ఇస్నాపూర్‌కు టికెట్ తీసుకున్నాను. ఒక్కటేనా అని కండక్టర్ అడిగాడు. ఒక్కటే అన్నాను. పక్క సీటు ఖాళీగా ఉంది. బస్సు బస్టాండు దాటి కొంచెం పోయిందో లేదో ఆగింది.

"దవాఖాన, దవాఖాన. దిగేటోళ్ళు దిగున్రి" అని కండక్టర్ కేక వేశాడు.

నేను లేచాను. జనాన్ని తోసుకుంటూ తలుపు దగ్గరికి వస్తుంటే కండక్టర్ నన్ను గుర్తుపట్టి ఆపాడు. నీ టికెట్ ఇస్నాపూర్ దాకా ఉంది గదమ్మా అన్నాడు.

"ఈడనే దిగాలె" అని దిగాను.

బస్సు వెళ్ళిపోయింది. లోపల నాకు పనేమీ లేదు. గేటు ముందర, తర్వాతి బస్సు వచ్చేదాకా నిలబడ్డాను.